పాత అరీనా షూటర్లు ఇప్పటికీ ఎవరైనా ఆడతారా? ఆడితే దేంతో మొదలుపెట్టాలి?

ఆడతారు. కాకపోతే మీరు అనుకున్నదానికన్నా చాలా తక్కువమంది. పీసీ గేముల స్టోరు స్టీమ్‌లో, ఈ రకం గేమే అయిన క్వేక్ ఛాంపియన్స్ తెరిచి చూస్తే ఒక సమయంలో ఆడుతున్నవాళ్లు వందల్లో కనిపిస్తారు, కౌంటర్ స్ట్రైక్ 2లో అదే లెక్క పది లక్షలు దాటడం మామూలు. ఈ ఒక్క అంకె చూపించి "ఈ టైపు గేములు చచ్చిపోయాయి, వదిలేయ్" అనేవాళ్లు ప్రతిచోటా ఉంటారు. వాళ్ల అంకె కరెక్టే, తీర్పే తేడా. ఆట పాతబడి జనం పోలేదు. ఆ ఆటలో ఓడిపోవడం భరించలేక పోయారు. అందుకే ఏది ఆడాలో తేల్చుకునేటప్పుడు ఏ గేమ్ గొప్పది అని కాకుండా, మీరు ఎవరితో ఆడబోతున్నారు అన్నది ముందు తేల్చుకోండి. బాట్లతోనా (కంప్యూటరే నడిపే ఆటగాళ్లు), తెలిసినవాళ్లతోనా, ముక్కూముఖం తెలియనివాళ్లతోనా? దీనికి జవాబు దొరికితే మిగతా ఎంపిక అయిదు నిమిషాల పని.

కొత్తవాళ్ల కోసం ఒక ముక్క. అరీనా షూటర్ అంటే అందరూ ఒకే తుపాకీతో, ఒకే హెల్త్‌తో మొదలుపెట్టే ఆట. మంచి ఆయుధాలు, ఆర్మర్, హెల్త్ మ్యాప్‌లో అక్కడక్కడా పడి ఉంటాయి, ఎవరు ముందు వెళ్తే వాళ్లవి. చస్తే వెంటనే మళ్లీ పుడతారు. డబ్బులు పెట్టి కొనేది లేదు, క్యారెక్టర్‌కో శక్తి లేదు, కుంచించుకుపోయే సర్కిల్ లేదు. 1996లో ఐడీ సాఫ్ట్‌వేర్ వాళ్ల క్వేక్‌తో ఇది ఇంటర్నెట్ ఆటగా స్థిరపడింది. 1999 చివర్లో నెల తిరక్కుండానే రెండు పెద్ద గేములు దిగాయి, నవంబర్‌లో ఎపిక్ వాళ్ల అన్‌రియల్ టోర్నమెంట్, డిసెంబర్‌లో క్వేక్ 3 అరీనా. ఇప్పటికీ గొడవంతా ఆ రెండింటి చుట్టూనే తిరుగుతుంది.

మన దగ్గర నెట్ సెంటర్లలో పెరిగినవాళ్లకు అన్‌రియల్ టోర్నమెంట్ పేరు తెలియకపోయినా గొంతు మాత్రం తెలుసు. కౌంటర్ స్ట్రైక్ 1.6 సర్వర్లలో వరసగా జనాన్ని లేపేస్తే "మాన్‌స్టర్ కిల్" అని ఒక బండ గొంతు అరిచేది గుర్తుందా? అడ్మిన్లు ప్లగిన్ పెట్టి తెచ్చుకున్న గొంతు అది, అసలు ఊరు అన్‌రియల్ టోర్నమెంటే.

ఓటమి సంగతి

వాలరెంట్‌లో ఓడితే టీమ్ మీదకు తోసేయొచ్చు. బ్యాటిల్ రాయల్‌లో వందమందిలో నలభయ్యో స్థానం వస్తే అదేమంత అవమానం కాదు, జోన్ బాగా పడలేదు, గన్ దొరకలేదు అని సర్దిచెప్పుకోవచ్చు. క్వేక్ డ్యుయల్ అలా కాదు. ఇద్దరే ఉంటారు, పది నిమిషాలు, ఒకే మ్యాప్, ఇద్దరికీ అన్నీ సమానం. చివర్లో స్కోరు 28–1 అని వస్తే ఆ ఒకటి కూడా అవతలివాడి అజాగ్రత్త వల్ల వచ్చిందేమో అన్న అనుమానం మిగులుతుంది. ఆడలేక మద్దెల ఓడు అందామంటే ఇక్కడ మద్దెల కూడా లేదు.

ఆ తేడా ఎక్కడి నుంచి వస్తుందో దగ్గర్నుంచి చూస్తే గానీ అర్థం కాదు. క్వేక్ లైవ్ (క్వేక్ 3కి ఇప్పటి రూపం) డ్యుయల్‌లో రెడ్ ఆర్మర్‌ని, అంటే దెబ్బలు ఆపే పెద్ద కవచాన్ని, ఎవరైనా తీసుకున్న 25 సెకన్లకు అది మళ్లీ వస్తుంది, మెగా హెల్త్ 35 సెకన్లకు. గడియారం 3:10 దగ్గర ఉండగా రెడ్ తీసుకున్నారనుకోండి, తర్వాతది 3:35కి. ఈలోపు 3:20కి మెగా తీసుకుంటే అది 3:55కి. ఈ రెండు అంకెలూ తలలో పెట్టుకుని, మధ్యలో అవతలివాడి అడుగుల చప్పుడు వింటూ, 3:32కల్లా రెడ్ దగ్గర ఉండి, వాడు వచ్చే ద్వారం వైపు ముందే ఒక రాకెట్ వదిలి, ఆర్మర్ తీసుకుని, మళ్లీ మెగా వైపు బయల్దేరేవాడే అసలు ఆటగాడు. వీధిలోకి నీళ్ల ట్యాంకర్ ఎప్పుడొస్తుందో తెలిసినవాడికే బిందె నిండుతుంది కదా, అదే లెక్క. మీరు మాత్రం అప్పుడే పుట్టి 125 హెల్త్‌తో నిలబడి ఉంటారు, అది కూడా కరిగి వందకు దిగుతూ ఉంటుంది, వాడి రైల్‌గన్ ఒక్క దెబ్బకు 80 పోతుంది. మీ గురి ఎంత బాగున్నా రెండో దెబ్బకు మళ్లీ మొదటికే.

ఇందులో అన్యాయం ఏమీ లేదు, నేర్చుకోదగ్గ విద్యే. చిక్కు ఎక్కడంటే ఇప్పుడు సర్వర్లలో మిగిలినవాళ్లలో చాలామంది ఇరవయ్యేళ్లుగా ఇదే పనిలో ఉన్నారు. కొత్తవాడికి కొత్తవాడు తగలడం అరుదు. జనం ఎక్కువున్న గేమ్‌లో మ్యాచ్‌మేకింగ్ మీ స్థాయివాడిని వెతికి పెడుతుంది, వందలమందే ఉన్నచోట ఎవడు దొరికితే వాడే దిక్కు. అదే ఆటని మీలాగే అప్పుడే మొదలుపెట్టిన నలుగురితో ఆడి చూడండి, 1999లో ఎంత మజా ఉందో ఇప్పుడూ అంతే ఉంటుంది.

ఒంటరిగా, బాట్లతో

దీనికి నా ఓటు నిస్సంకోచంగా 1999 నాటి అన్‌రియల్ టోర్నమెంట్‌కే. దాని బాట్లను రాసిన స్టీవ్ పోల్జ్, అంతకుముందు క్వేక్ కోసం రీపర్ బాట్ చేసి పేరు తెచ్చుకున్నవాడు. నావిస్ నుంచి గాడ్‌లైక్ దాకా ఎనిమిది స్థాయిలున్నాయి, మీకు సరిపోయేది పెట్టుకోవచ్చు. కింది స్థాయిలో బాట్లు మిమ్మల్ని చూసి కూడా కాసేపు ఆలోచిస్తాయి, పై స్థాయిలో చుక్కలు చూపిస్తాయి. జెండా ఎత్తుకొచ్చే సీటీఎఫ్‌లో "నువ్వు కాపలా ఉండు, నువ్వు నా వెంట రా" అని వాటికి ఆర్డర్లు కూడా వేయొచ్చు.

ఆయుధాల్లో దీనికున్న చమత్కారం క్వేక్‌లో లేదు. షాక్ రైఫిల్ రెండో ఫైర్ నొక్కితే ఒక గోళం నెమ్మదిగా తేలుతూ వెళ్తుంది. అది అవతలివాడి పక్కకు చేరగానే మొదటి ఫైర్‌తో ఆ గోళాన్నే కొట్టాలి, అది పేలి చుట్టూ ఉన్నవాళ్లను ఊడ్చేస్తుంది. షాక్ కాంబో అంటే ఇదే. చెప్పినంత సులువు కాదు, కానీ మొదటిసారి కుదిరినప్పుడు కుర్చీలోంచి లేస్తారు. ఫ్లాక్ కేనన్ ముక్కలు గోడకు తగిలి తిరిగొస్తాయి కాబట్టి మూల దాటకుండానే మూల అవతలివాణ్ని కొట్టొచ్చు. ఇక ఫేసింగ్ వరల్డ్స్ మ్యాప్, అంతరిక్షంలో తేలే బండ మీద ఎదురెదురుగా రెండు బురుజులు, వెనక భూమి తిరుగుతూ ఉంటుంది. మ్యాప్‌గా చూస్తే స్నైపర్లకు దోచిపెట్టినట్టే ఉంటుంది, బ్యాలెన్స్ అంతంతమాత్రమే, అయినా అందరికీ గుర్తుండేది అదే.

దొరకడం సంగతికొస్తే, ఎపిక్ వాళ్లు పాత అన్‌రియల్ గేములన్నిటినీ 2022 చివర్లో స్టోర్ల నుంచి తీసేసి, 2023 జనవరిలో సర్వర్లు ఆపేశారు. అయినా ఆట చావలేదు. ఓల్డ్‌అన్‌రియల్ అనే అభిమానుల బృందం 469 పేరుతో ప్యాచ్‌లు తయారుచేసి ఈనాటి విండోస్, లినక్స్, మ్యాక్‌లలో నడిచేలా చేసింది, 2024 నుంచి ఎపిక్ ఒప్పుకోలుతోనే ఇంటర్నెట్ ఆర్కైవ్ నుంచి గేమ్ దించుకునే దారి కూడా పెట్టింది. పైసా ఖర్చు లేదు, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది (ఆఫీసు ల్యాప్‌టాప్‌లో పెట్టుకోమని నేను చెప్పలేదు).

ఒంటరి ఆటకు రెండో ఎంపిక 2021లో వచ్చిన క్వేక్ రీమాస్టర్. నైట్‌డైవ్ వాళ్లు చక్కగా శుభ్రం చేసి ఇచ్చారు, డెత్‌మ్యాచ్‌కి బాట్లున్నాయి, కన్సోళ్లతో క్రాస్‌ప్లే ఉంది, టీవీకి కనెక్ట్ చేస్తే స్ప్లిట్ స్క్రీన్ కూడా. కథగా ఆడే సింగిల్ ప్లేయర్ కావాలంటే అన్‌రియల్ టోర్నమెంట్ కంటే ఇదే మేలు. బాట్ మ్యాచ్‌లకైతే మాత్రం రాకెట్ లాంచర్ దొరికినవాడిదే రాజ్యం, కాసేపటికి ఒకే రుచి అనిపిస్తుంది.

తెలిసినవాళ్లతో

నిజంగా ఈ ఆటలు వెలిగేది ఇక్కడే, అయినా ఎక్కువమంది ప్రయత్నించనిది కూడా ఇదే. నలుగురికీ నాలుగు రకాల సిస్టమ్‌లు ఉంటాయి, ఒకడిది గేమింగ్ పీసీ, ఇంకొకడిది ఎనిమిదేళ్ల కిందటి లెనోవో. "కొనండ్రా" అంటే ఒకడు కొంటాడు, ముగ్గురు చూద్దాం అంటారు. అందుకని ఉచితంగా దొరికి, జిప్ విప్పితే నడిచేది కావాలి. జోనోటిక్ సరిగ్గా అదే. 2005లో వచ్చిన నెక్స్యూజ్ అనే ఓపెన్ సోర్స్ గేమ్ పేరును 2010లో కన్సోల్ వెర్షన్ కోసం ఒక కంపెనీకి ఇచ్చేయడంతో, అలిగి బయటికొచ్చినవాళ్లు చేసుకున్న గేమ్ ఇది. విండోస్, లినక్స్, మ్యాక్ అన్నిటిలో నడుస్తుంది. క్వేక్ వేగం, అన్‌రియల్ తరహాలో ప్రతి ఆయుధానికీ రెండో ఫైర్. ఒక్క దెబ్బకు ఒకడు పోయే ఇన్‌స్టాగిబ్, సీటీఎఫ్, బంతిని గోల్‌లోకి కొట్టే నెక్స్‌బాల్, ఇలా మోడ్‌లు బోలెడు.

జోనోటిక్‌లో నచ్చనిది కూడా చెప్పాలి. చూడ్డానికి రంగులు మరీ ఎక్కువ, ఎవరు ఎక్కడున్నారో మొదట్లో కనపడదు, మెనూలు ఇంజనీర్లు ఇంజనీర్ల కోసం పెట్టుకున్నట్టుంటాయి. మీ గుంపులో ఒకడు ముందు రోజు కూర్చుని సెట్టింగ్స్ చూసుకుంటే మిగతావాళ్లకు బాధ తప్పుతుంది. సిస్టమ్ మరీ ముసలిదైతే అసాల్ట్‌క్యూబ్ చూడండి, చిన్న డౌన్‌లోడ్, ఆయుధాలు కౌంటర్ స్ట్రైక్‌కి దగ్గరగా ఉంటాయి కాబట్టి ఆ అలవాటు ఉన్నవాళ్లు పావుగంటలో దారిలో పడతారు.

ఒకే ఇంట్లో, ఒకే వైఫైలో ఆడితే ఏ గొడవా లేదు. వేర్వేరు ఇళ్ల నుంచి అయితే ఒక చిక్కుంది. మన బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లలో చాలావాటికి సొంత పబ్లిక్ ఐపీ ఉండదు, వందలమంది ఒకే ఐపీ వెనక ఉంటారు, రూటర్‌లో పోర్ట్ ఎన్నిసార్లు తెరిచినా బయటివాళ్లు మీ సర్వర్‌కి రాలేరు. దానితో కుస్తీ పట్టే బదులు ముంబైలోనో హైదరాబాద్‌లోనో ఒక చిన్న క్లౌడ్ మెషీన్ అద్దెకు తీసుకోండి, అమెజాన్ క్లౌడ్‌కి 2022 నుంచి హైదరాబాద్ రీజియన్ కూడా ఉంది. అయిదారుగురి మ్యాచ్‌కి చిన్నదే చాలు, ఆట అయ్యాక ఆపేయొచ్చు. ఆపడం మర్చిపోతే బిల్లు మీదే.

గుంపులో ఒకడు డల్లాస్‌లో, మిగతావాళ్లు ఇక్కడ ఉన్నారంటే (మనవాళ్ల గుంపుల్లో ఇదే ఎక్కువ) పింగ్ (మీ నొక్కుడు సర్వర్‌కి వెళ్లి జవాబు తిరిగొచ్చేందుకు పట్టే మిల్లీసెకన్లు) 200 దాటుతుంది, ఎక్కడ సర్వర్ పెట్టినా ఎవరో ఒకరు బలి. అప్పుడు డ్యుయల్ జోలికి పోకండి, బాట్లను శత్రువులుగా పెట్టుకుని అందరూ ఒకే టీమ్‌లో ఆడండి. ఆ డల్లాస్‌వాడికి మాత్రం ఒక అదృష్టం ఉంది. క్వేక్ పుట్టిల్లు ఆ చుట్టుపక్కలే, ఐడీ సాఫ్ట్‌వేర్ ఆఫీసు రిచర్డ్‌సన్‌లో ఉంది, 1996లో మొదలైన క్వేక్‌కాన్ అనే అభిమానుల మేళా ఏళ్లుగా జరుగుతున్నదీ ఆ ప్రాంతంలోనే. ఫ్రిస్కో, ఇర్వింగ్‌లలో ఉన్న మనవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో నాకు అనుమానమే.

తెలియనివాళ్లతో, ఆన్‌లైన్‌లో

ఇక్కడికి వచ్చేసరికి పోటీ ముఖ్యంగా క్వేక్ లైవ్‌కీ క్వేక్ ఛాంపియన్స్‌కీ మధ్యే.

క్వేక్ లైవ్ అంటే క్వేక్ 3నే. మొదట బ్రౌజర్‌లో ఉచితంగా ఆడేవాళ్లు, 2014లో స్టీమ్‌కి వచ్చింది, 2015 నుంచి పది డాలర్ల గేమ్ అయింది, సేల్ ఉన్నప్పుడు తీసుకుంటే భారం కాదు. ఏ ల్యాప్‌టాప్‌లోనైనా నడుస్తుంది. శక్తులు లేవు, అలంకారాలు లేవు, లెవెల్ పెంచుకునేది లేదు. సర్వర్లు ఆటగాళ్లే నడుపుతారు, అందువల్ల కంపెనీ రేపు చేతులెత్తేసినా ఆట ఏదో రూపంలో ఉంటుంది. చేరాలంటే డ్యుయల్‌తో కాకుండా క్లాన్ అరీనాతో మొదలుపెట్టండి. అందులో ప్రతి రౌండ్‌కీ అందరికీ అన్ని ఆయుధాలూ, నిండా ఆర్మర్ ముందే ఇచ్చేస్తారు, పైన చెప్పిన టైమింగ్ లెక్కలేవీ అక్కర్లేదు, టీమ్ ఉంటుంది, చచ్చాక మిగతావాళ్ల ఆట చూస్తూ నేర్చుకోవచ్చు.

క్వేక్ ఛాంపియన్స్ ఉచితం. 2017లో ఎర్లీ యాక్సెస్‌కి వచ్చి 2018లో అందరికీ ఫ్రీ అయింది. బొమ్మ బాగుంటుంది, తుపాకుల చప్పుడు ఇంకా బాగుంటుంది. దీంట్లో క్యారెక్టర్‌కో శక్తి ఉంది, నిక్స్ మాయమవుతుంది, వైజర్ గోడల అవతల ఎవరున్నారో చూస్తాడు, స్కేల్‌బేరర్ బరువు ఎక్కువ, హెల్త్ ఎక్కువ. పాత క్వేక్ వాళ్లు దీన్ని చూసి ముఖం చిట్లించుకున్నారు. నాకైతే శక్తులు ఆటను పాడుచేశాయని అనిపించలేదు, పాడుచేసింది బరువు. లోడింగ్ ఎక్కువ, మంచి గ్రాఫిక్స్ కార్డ్ లేకపోతే తడబడుతుంది, ఈ వేగం ఉన్న ఆటలో ఫ్రేములు పడిపోవడం అన్నిటికన్నా పెద్ద తప్పు. పైగా సర్వర్లు పూర్తిగా కంపెనీ చేతిలో ఉన్నాయి. వాళ్లు స్విచ్ తీసేస్తే అంతే సంగతులు.

ఇది ఉత్త భయం కాదు. లాబ్రేకర్స్ అని ఒక మంచి గేమ్ 2017 ఆగస్టులో వచ్చింది, 2018 సెప్టెంబర్‌లో సర్వర్లు మూసేశారు, డబ్బులు పెట్టి కొన్నవాళ్లకు కూడా ఇప్పుడు అధికారికంగా దాన్ని ఆడే దారి లేదు. అదే 1999 నాటి గేములు రెండూ ఇంకా నడుస్తున్నాయంటే కారణం సర్వర్ ఎవరైనా పెట్టుకోగలగడం, క్వేక్ 3 సోర్స్ కోడ్ అయితే 2005లో అందరికీ ఇచ్చేశారు కూడా. కాబట్టి గేమ్ ఎంచుకునేటప్పుడు గ్రాఫిక్స్ కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే.

పింగ్ విషయంలో ఆశలు పెట్టుకోవద్దు. హైదరాబాద్, విజయవాడ నుంచి సింగపూర్‌కి వంద లోపు వస్తే సర్దుకోవచ్చు. కానీ జనం ఉండేది యూరప్, అమెరికాల్లో. యూరప్‌కి సుమారు 150, ఆడొచ్చు గానీ మీరు నొక్కినదానికీ తెర మీద జరిగినదానికీ మధ్య సందు తెలుస్తూనే ఉంటుంది. వాలరెంట్, సీఎస్ 2 లాగా ముంబై సర్వర్‌లో ఇరవై పింగ్‌తో ఆడే అలవాటున్నవాళ్లకు ఇది మొదటి రోజే చిరాకు తెప్పిస్తుంది. మన టైమ్‌లో రాత్రి పదకొండు దాటాక యూరప్ వాళ్లు ఆఫీసుల నుంచి ఇంటికొస్తారు, అప్పుడే సర్వర్లు నిండుతాయి.

అచ్చమైన పాత పద్ధతే కావాలన్న పట్టుదల లేకపోతే హేలో ఇన్ఫినిట్ మల్టీప్లేయర్ ఉంది. 2021 నవంబర్ నుంచి ఉచితం, అందరూ సమానంగా మొదలుపెడతారు, పెద్ద ఆయుధాలు మ్యాప్‌లోనే దొరుకుతాయి. షీల్డ్ దానంతట అదే నిండుతుంది కాబట్టి ఆర్మర్ కోసం పరుగులు అంతగా ఉండవు, ఆట నెమ్మది, కంట్రోలర్‌తో హాయిగా ఆడొచ్చు. సైజు మాత్రం భారీ. స్ప్లిట్‌గేట్ సంగతి వేరు, ఒక చోట దూరి ఇంకో చోట తేలే పోర్టల్స్ ఆలోచన అద్భుతం, 2021లో ఒక ఊపు ఊపింది. రెండోది 2025 జూన్‌లో వచ్చి, వారాల్లోనే తిరిగి బీటాకి వెళ్లి, డిసెంబర్‌లో పేరు మార్చుకుని మళ్లీ వచ్చింది. ఇంత ఊగిసలాట ఉన్నదాని మీద మీ సాయంత్రాలు పెట్టుబడి పెట్టమని చెప్పలేను, ఉచితమే కాబట్టి ఒకసారి తొంగిచూడొచ్చు. ఫోన్‌లో అరీనా షూటర్ అడిగేవాళ్లకు జవాబు ఒక్కటే, వద్దు. బొటనవేళ్లతో ఈ వేగం అందదు.

మొదలుపెట్టే ముందు

ఏది ఎంచుకున్నా మౌస్ తప్పనిసరి, టచ్‌ప్యాడ్‌తో ప్రయత్నించి ఆటను తిట్టొద్దు. విండోస్‌లో మౌస్ యాక్సిలరేషన్ ఆపేయండి, ఫీల్డ్ ఆఫ్ వ్యూ (తెర మీద ఎంత వెడల్పు కనిపించాలన్న సెట్టింగ్) 100 నుంచి 110 మధ్య పెట్టండి, తల తిరిగితే కాస్త తగ్గించండి.

క్వేక్ లైవ్ వైపు వెళ్తే స్ట్రేఫ్ జంప్, అంటే పక్కలకు తిరుగుతూ ఎగిరి వేగం పెంచుకోవడం, నేర్చుకోక తప్పదు, అది లేకపోతే అందరూ బైకుల మీద, మీరు కాలినడకన అన్నట్టే. ముందుకు పరిగెత్తి ఎగరండి, గాల్లో ఉండగా ముందుకు వెళ్లే కీతో పాటు ఎడమ కీ కూడా పట్టుకుని మౌస్‌ని మెల్లగా ఎడమకు తిప్పండి. నేలకు తగలగానే మళ్లీ ఎగిరి, ఈసారి కుడి కీ, మౌస్ కుడికి. గట్టిగా తిప్పితే వేగం పోతుంది, మెల్లగా తిప్పాలి. ఖాళీ మ్యాప్‌లో ఒంటరిగా సాధన చేయండి, స్పీడ్ అంకె తెర మీద కనిపించేలా పెట్టుకుంటే పెరుగుతోందో లేదో తెలుస్తుంది. జోనోటిక్‌లో ఇంత కష్టం లేదు, ఎగురుతూ పోతే వేగం దానంతటదే వస్తుంది.

నన్ను ఒక్కటే చెప్పమంటే, ఇప్పటిదాకా అరీనా షూటర్ ముట్టనివాళ్లు అన్‌రియల్ టోర్నమెంట్‌ని మూడో స్థాయి బాట్లతో పెట్టుకుని ఒక వారం ఆడండి. ఆ వారంలో "ఆర్మర్ ఇప్పుడు వచ్చి ఉంటుంది" అని మీ కాళ్లు వాటంతటవే అటు తిరుగుతుంటే క్వేక్ లైవ్ కొనండి, తిట్లు తిన్నా నిలబడతారు. అలా కాకుండా షాక్ కాంబో కుదిరిందా, జెండా వచ్చిందా అన్నదే సరదాగా ఉంటే డబ్బు ఖర్చు పెట్టకండి, జోనోటిక్ లింక్ మీ గుంపులో పడేసి శనివారం రాత్రి ఎవరెవరు వస్తారో అడగండి.